అప్‌డేట్: అక్క కొనిచ్చిన ఫోను దొరికింది

బస్సు ఎక్కే తోపులాటలో నా ఫోను ఎవరో కొట్టేశారని, అక్క తన మొదటి జీతంతో కొనిచ్చిందని, ఏం చేయాలో చెప్పమని మిమ్మల్ని అడిగాను కదా. దొరికింది!

మీలో చాలామంది చెప్పిన సీఈఐఆర్ (పోయిన ఫోన్లను బ్లాక్ చేసే కేంద్ర ప్రభుత్వ వ్యవస్థ) దారే పనిచేసింది. ముందు పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాం. నాకు పదహారేళ్లే కాబట్టి నాన్న వెంట వచ్చారు. తర్వాత అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకున్నాం, ఓటీపీ రావాలంటే అది తప్పదు. ఫోను డబ్బా మీదున్న 15 అంకెల ఐఎంఈఐ నంబర్లు (ఫోనును గుర్తుపట్టే నంబర్లు), ఫిర్యాదు నకలు, గుర్తింపు కార్డు సీఈఐఆర్ ఉండే సంచార్ సాథీ పోర్టల్‌లో పెడితే ఫోను బ్లాక్ అయింది. ఆ డబ్బా పారేయనివ్వని అమ్మకు వేయి దండాలు. ఎవరో ఆ ఫోనులో తమ సిమ్ వేయగానే ఆ వివరం పోలీసులకు చేరింది. తెలియక సెకండ్ హ్యాండ్‌లో కొన్నాయన తెచ్చి ఇచ్చేశారు, పాపం ఆయన డబ్బు పోయింది.

లోపల మాత్రం అంతా చెరిపేశారు. తాతయ్య పద్యం పాడిన వీడియో పోయింది. దానికి ఇంకా ఏడుపొస్తోంది.

ఇంకో మాట. ఫోను చేతికొచ్చాక అన్‌బ్లాక్ చేయమని అదే పోర్టల్‌లో, బ్లాక్ చేసినప్పుడు వచ్చిన రిక్వెస్ట్ ఐడీతో అడగాలి. అప్పటిదాకా సిమ్ వేసినా నెట్‌వర్క్ రాదు.