నాలుగు డబ్బాల లైన్ అరే: తప్పు సామానుదా, కట్టేవాళ్లదా?

హంద్రీగట్టు, కర్నూలు

ఈ మధ్య జాతరైనా, పెళ్లైనా, పౌరాణిక నాటకమైనా స్టేజీకి అటొక ట్రస్సు, ఇటొక ట్రస్సు వేసి, ఒక్కోదానికి నాలుగేసి చిన్న డబ్బాలు వేలాడదీస్తున్నారు. లైన్ అరే అంటారు వాటిని. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా: ఈ నాలుగు డబ్బాల సెట్టు మన ఊళ్లకు పనికొచ్చే సామాను కాదు. స్టాండు మీద రెండు మంచి టాప్‌లు (మాట, పాట పలికే పెద్ద స్పీకర్ డబ్బాలు), కింద రెండు బేస్ బాక్సులు పెడితే పద్యం ఇంతకంటే బాగా వినపడుతుంది.

మొన్న కోడుమూరు వైపు ఒక ఊళ్లో నాటకం చూశాను. కృష్ణుడి వేషం కట్టినాయన రాగం ఎత్తుకోగానే ముందు చాపల మీది పిల్లలు చెవులు మూసుకున్నారు. పక్కన గుడి అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లకేమో ఒక్క మాట తెలియలేదు, హార్మోనియం బొయ్యిమని మోగడమే వినపడింది. తలెత్తి చూస్తే నాలుగు డబ్బాలూ ఒకే నిటారుగా వేలాడుతున్నాయి. పై రెండూ ఎదురు మిద్దెల మీదికి చూస్తున్నాయి. పాడేవాళ్లది ఏళ్ల తరబడి సాధన. అది జనానికి చేరకపోతే నాకు కడుపు మండుతుంది.

పెన్నాతీరం, తాడిపత్రి

అన్నా, నేను మైక్‌సెట్ నడిపేవాణ్ని. సామాను మీద నింద వేయొద్దు. డబ్బాకూ డబ్బాకూ మధ్య కోణం మార్చుకోవడానికే వెనక పిన్నులు, వరుసగా రంధ్రాలు ఉంటాయి. కింది డబ్బా ముందు వరుస వైపు వంగాలి, పైది చివరి వరుసను చూడాలి. కట్టే కుర్రోళ్లకు అంత తీరిక ఎక్కడిది? జెనరేటర్ వచ్చేసరికే పొద్దు గూకుతుంది. పిన్ను ఏ రంధ్రంలో దూరితే అందులో గుచ్చి పైకి లాగేస్తారు. అది డిజైన్ తప్పు ఎట్లా అవుతుంది?

ఇంకో మాట. మైక్‌సెట్ బాడుగకు మాట్లాడుకోవడానికి వచ్చేవాళ్లు మొదట అడిగేదే ‘వేలాడేవి ఉన్నాయా?’ అని. లేవంటే లేచి పక్క మైక్‌సెట్ కాడికి పోతారు. నా పాత టాప్‌లు శుభ్రంగా పలుకుతాయి, అయినా గోడౌన్‌లో దుమ్ము పట్టి ఉన్నాయి.

మిక్సర్ వెనకాల, అనంతపురం

కోణం సరిచేస్తే పై శబ్దాలు, అంటే సన్నగా కీచుగా ఉండేవి, కొంత దారికి వస్తాయి, ఒప్పుకుంటా. కష్టమంతా వరుస పొడవులో ఉంది. 1992లో ఫ్రాన్స్‌లో క్రిస్టియన్ హైల్ కంపెనీ ఎల్-అకౌస్టిక్స్ వి-డాస్క్ అనే సెట్టు తెచ్చాకే ఈ తరం లైన్ అరేలు ప్రపంచమంతా పాకాయి. దాని బలం రెండింట్లో ఉంది: పొడుగాటి వరుస, పై శబ్దాన్ని నిలువు పట్టీలా బయటికి పంపే వేవ్‌గైడ్. మన దగ్గర దొరికే చవక డబ్బా ఒకటి జాలీ విప్పి చూశాను. లోపల వేవ్‌గైడ్ లేదు, మామూలు ప్లాస్టిక్ హారన్ బిగించి ఉంది. పేరు లైన్ అరే, బయటి ఆకారం కూడా అదే. పని మాత్రం అది చేయదు.

ఇక లెక్క చూడండి. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి 100 హెర్ట్జ్ (సెకనుకు వంద సార్లు ఊగే శబ్దం) అల పొడవు దాదాపు 3.4 మీటర్లు. అడుగు ఎత్తుండే డబ్బాలు నాలుగు కలిపితే 1.2 మీటర్లు. తనకంటే పొడుగైన అలను ఏ వరుసా ఒక దిక్కుకు తిప్పలేదు. 300 హెర్ట్జ్ అల పొడవు 1.1 మీటర్లు, అంటే ఇంచుమించు అంతకంటే కిందున్నదంతా నాలుగు వైపులా చిమ్ముతుంది. మగగొంతు బరువు, హార్మోనియం కింది స్వరాలు అన్నీ అక్కడివే. మాటను మాటగా తెలియజేసే శబ్దాలు 1000 నుంచి 4000 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి, అవి డబ్బా చూసిన వైపే పోతాయి. అరుగు మీదివాళ్లకు బొయ్యి మాత్రమే మిగలడానికి కారణం ఇదే.

దూరం రెట్టింపైతే మామూలు బాక్సు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, లైన్ అరే 3 మాత్రమే తగ్గుతుందని అమ్మేవాళ్లు చెప్తారు. వరుసకు దగ్గరగా ఉన్నంతవరకే అది నిజం. 1.2 మీటర్ల వరుసకు 1000 హెర్ట్జ్ దగ్గర ఆ లాభం రెండు మూడు మీటర్లు దాటితే ఉండదు. అంత దగ్గర స్టేజీ మెట్లు తప్ప జనం ఉండరు.

పాలకొండల కింద, కడప

ఎంత గొప్ప ఆలోచనైనా వాడుకలో నిలవకపోవచ్చు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికా బృందం 1974లో ‘వాల్ ఆఫ్ సౌండ్’ కట్టించింది. 600 పైగా స్పీకర్లు, 26,400 వాట్లు, సుమారు 75 టన్నుల బరువు. గోడ మొత్తం పాడేవాళ్ల వెనకే. ఆ శబ్దం మైకులోకి తిరిగొచ్చి కూత పెట్టకుండా ఒక్కో గాయకుడికి రెండేసి మైకులు తిరగేసి కలిపారు, రెంటికీ సమానంగా అందిన శబ్దం కొట్టుకుపోతుంది. గాయకుడు పై మైకులో మాత్రమే పాడాలి. బాగా పలికిందని విన్నవాళ్లు చాలామంది చెప్పారు. మోయడానికి, కట్టడానికి అయ్యే ఖర్చు తట్టుకోలేక ఆ ఏడాదే వదిలేశారు.

దాని పక్కన మన గొట్టం మైకు, అంటే గుళ్ల మీద కట్టే గొట్టం స్పీకరు, పెట్టి చూడండి. సంగీతానికి అది పనికిరాదు, బేస్ అసలే ఉండదు. కానీ మాట స్పష్టంగా పోతుంది, ఒక్క వాటుకే గట్టిగా మోగుతుంది, 100 వోల్టుల లైను కాబట్టి సన్న వైరుతో వీధి చివరిదాకా లాగొచ్చు. నా దృష్టిలో అది గెలిచిన సామాను.

గుత్తికోట నీడ

నన్నడిగితే అన్నిటికంటే చెడ్డ డిజైన్ స్పీకరు వైరుకు పావు అంగుళం జాక్, అంటే గుచ్చే గుండ్రటి పిన్ను. అది టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం పుట్టింది. దూర్చేటప్పుడు, లాగేటప్పుడు షార్ట్ అవుతుంది, ఎవరి కాలో తగిలితే ఊడి వస్తుంది. 1987లో న్యూట్రిక్ కంపెనీవాళ్లు తిప్పితే లాక్ అయ్యే స్పీకాన్ అనే ప్లగ్గు తెచ్చారు. అయినా ఇప్పటికీ కొందరు స్పీకర్ వైరుకు కరెంటు రెండు పిన్నుల ప్లగ్గే పెడుతున్నారు. చీకట్లో ఎవరైనా దాన్ని బోర్డులో గుచ్చితే స్పీకర్ కాలిపోతుంది, పక్కనున్న మనిషికీ ప్రమాదం. దయచేసి అవి ఈరోజే కోసి పారేయండి.

పెన్నాతీరం, తాడిపత్రి

ప్లగ్గు సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. అనంతపురం అన్న చెప్పిన లెక్క కూడా కాదనను. కానీ చిన్న డబ్బా ఒక్కడే మోస్తాడు, టాటా ఏస్‌లో పడుతుంది. పెద్ద టాప్ ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి, ఇద్దరికీ కూలి ఇవ్వాలి. మైదానంలో వేలమంది జనం ఉంటే పక్కకు ఎనిమిదేసి, పన్నెండేసి డబ్బాలు కట్టినప్పుడు లైన్ అరేకు సాటి లేదు. నాలుగు దగ్గరే గొడవ.

హంద్రీగట్టు, కర్నూలు

పెద్ద మైదానానికి నేనూ కాదనలేదు తమ్ముడూ. కూలి మాట న్యాయమే, అది అడిగి తీసుకో. కార్తీకంలో మా ఊరి భజనకు నువ్వే రా, ఆ దుమ్ము పట్టిన టాప్‌లే తీసుకురా. వేలాడేవాటికి ఎంత బాడుగ అయితే అంతే ఇప్పిస్తా, ఊరి పెద్దలతో నేను మాట్లాడతా. రాత్రి పదికల్లా ఆపేస్తాం, పోలీసులతో పేచీ ఉండదు.

పెన్నాతీరం, తాడిపత్రి

వస్తానన్నా. స్టేజీ వెడల్పు, జనం కూర్చునే జాగా కొలిచి పంపు. హార్మోనియానికి విడిగా మైకు కావాలా, భజన చేసేవాళ్లంతా ఒకే మైకు చుట్టూ కూర్చుంటారా?