అమ్మమ్మ సింగర్ మిషనుకు మళ్ళీ రంగు వేయించాలా?

సుజాత_తెనాలి: అమ్మమ్మ వాడిన సింగర్ కాలిమిషను. చక్రం తిరగట్లేదు, సూది కడ్డీకి తుప్పు. మెకానిక్ మొత్తం గీకి నల్ల పెయింటు కొడతానంటున్నాడు. కొట్టించమంటారా?

పాతసామాను_రవి: వద్దే వద్దు! ఆ బంగారు పువ్వులు పోతే మళ్ళీ రావు. పైన ఉండేది లక్క పూత, స్పిరిట్ తగిలితే కరిగిపోతుంది. ముందు మిషను మీదున్న నంబరు చూడండి. 'ఇ' (E)తో మొదలయ్యే రెండు ఇంగ్లిషు అక్షరాలుంటే స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో చేసింది. ఆ ఫ్యాక్టరీ 1980లోనే మూతపడింది.

దర్జీ_మస్తాన్: పువ్వులు జాకెట్టు కుడతాయా? అమ్మా, చాలాసార్లు చక్రాన్ని పట్టేసేది తుప్పు కాదు, ఎండి జిగురైన నూనె. ఇళ్ళల్లో కొబ్బరినూనె పోసేస్తారు మరి. కీళ్ళల్లో కిరోసిన్ చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. షటిల్ (సూది కింద దారం కండె ఉండే భాగం) విప్పి ఇరుక్కున్న దారప్పోగులు లాగండి. తర్వాత మిషనాయిల్ మాత్రమే.

పాతసామాను_రవి: రాత్రంతా కిరోసినా? పూత ఏం కావాలి?

దర్జీ_మస్తాన్: కీళ్ళల్లో అన్నాను. చదవండి.

లక్ష్మి_కేపీ: తోలు బెల్టు కూడా మార్చండి.

పాతసామాను_రవి: మీలాంటి మెకానిక్‌ల వల్లే పాత మిషన్లు పాడవుతున్నాయి.

దర్జీ_మస్తాన్: మీలాంటివాళ్ళ సంగతీ చూశాను. యాంటిక్ అని మా నాన్న మిషను కొనుక్కెళ్ళిన పెద్దమనిషి, మిషను తలకాయను పాత ఇనుప కొట్టుకేసి, స్టాండు మీద గ్రానైట్ పరిచి కాఫీ బల్ల చేశాడు. నాన్న ముప్పూటలా అన్నం పెట్టిన మిషను అది!

పాతసామాను_రవి: ఆ పని నేను చేయలేదు కదా. నేనూ అలాంటివాళ్ళను తిడతాను.

సుజాత_తెనాలి: దయచేసి గొడవ పడకండి. అసలు పెయింటు అడిగింది మా అన్నయ్య. కొత్తింటి హాల్లో టీవీ పక్కన పెడతాడట. అమ్మ మాత్రం నాకే ఇమ్మంది. నేను దాని మీద కుట్టుకుంటాను.

లక్ష్మి_కేపీ: ఆ మాట మొదటే చెప్పొచ్చుగా!

దర్జీ_మస్తాన్: అయితే ముందు ఆ మెకానిక్‌ను ఆపమ్మా. గీకిన పొడి కీళ్ళల్లో పడుతుంది, పెయింటు నూనె రంధ్రాలు మూసేస్తుంది. అన్నయ్యకు అదే చెప్పు, కుట్టడానికి పనికిరాదని.

పాతసామాను_రవి: ఆయనకు కావాల్సిందీ అదేనేమో. కుట్టకపోతే హాల్లోనే ఉంటుందిగా.

సుజాత_తెనాలి: రేపే ఆటోలో తెచ్చేసుకుంటాను.