కర్రీ పాయింట్‌కి ఫోన్ వాలెట్ కార్డు పెడదామనుకుంటున్నా. నోటిఫికేషన్లు ఎప్పుడు, ఎన్ని పంపాలి?

తణుకు_వంటలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్ నిజాంపేటలో చిన్న కర్రీ పాయింట్. నేను, మా ఆయన, సాయానికి ఇద్దరు. తణుకు దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి ఆరేళ్లయింది. పొద్దున పదకొండున్నరకి గిన్నెలు కౌంటర్ మీదికి వస్తాయి, సాయంత్రం మళ్లీ ఆరున్నరకి. కూర ప్యాకెట్ 40, పప్పు 35, పెరుగు పచ్చడి 30.

రోజూ వచ్చేవాళ్లు నూటయాభై మంది దాకా ఉంటారు. హాస్టల్ పిల్లలు, ఇద్దరూ ఉద్యోగాలు చేసే జంటలు, అన్నం ఒక్కటీ ఇంట్లో పెట్టుకుని కూరలు మా దగ్గర పట్టుకెళ్లే పెద్దవాళ్లు. అందరూ అడిగేది ఒకటే మాట: "ఇవాళ ఏం కూరలు?" పదకొండు దాటిన దగ్గర్నుంచి ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఒక చేత్తో పోపు, ఇంకో చేత్తో ఫోన్. మొన్నొక రోజు ఆ హడావుడిలో దొండకాయ వేపుడు అడుగంటింది కూడా.

ఇంతవరకు చేసి చూసినవి చెబుతాను. పది ప్యాకెట్లు కొంటే పదకొండోది ఉచితం అని అట్టకార్డులు అచ్చు వేయించి, స్టాంపు కొట్టి ఇచ్చాం. సగం మంది ఇంట్లో మర్చిపోయి వస్తారు, కొందరివి నూనె చేతులకి నల్లబడి స్టాంపు కనపడదు. వాట్సాప్ గ్రూప్ పెట్టాను. కూరల కబురు కన్నా గుడ్ మార్నింగ్ బొమ్మలు, రాజకీయాలు ఎక్కువైపోయి మూసేశాను. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ అయితే నా నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, అది చాలామంది చేసుకోరు. ఎస్ఎంఎస్ పంపాలంటే డీఎల్‌టీలో, అంటే వ్యాపార ఎస్ఎంఎస్‌ల కోసం టెలికాం కంపెనీలు పెట్టిన రిజిస్టర్‌లో పేరు నమోదు, టెంప్లేట్‌కి అనుమతి. పొయ్యి దగ్గర నిలబడే మనుషులం, అది మా వల్ల కాలేదు.

గత నెల ఒక కంపెనీ అబ్బాయి వచ్చాడు. కస్టమర్ ఫోన్‌లో వాలెట్ కార్డు పెడతాం, స్టాంపులు అందులోనే పడతాయి, రోజుకి ఎన్ని నోటిఫికేషన్లైనా పంపుకోవచ్చు అన్నాడు. నెలకి 2,500, ఏడాదిది ఒకేసారి కడితే 25,000 అట. మాకది చిన్న డబ్బు కాదు. వాలెట్ అంటే డబ్బులు వేసుకునేదేనా? కస్టమర్ వేరే యాప్ పెట్టుకోవాలా? అన్నిటికన్నా పెద్ద టెన్షన్ ఏంటంటే, మనం పంపే కబుర్లకి విసిగిపోయి రోజూ వచ్చే మనిషి ముఖం తిప్పుకుంటాడేమోనని. తెలిసినవాళ్లు చెప్పండి.

మెట్రోలో_రోజూ

అక్కా, మీరనుకునే డబ్బుల వాలెట్ కాదిది. టికెట్లు, బోర్డింగ్ పాసులు, షాపుల మెంబర్‌షిప్ కార్డులు దాచుకునే చోటు. ఐఫోన్లో ఆపిల్ వాలెట్ ముందే ఉంటుంది. ఆండ్రాయిడ్‌కి గూగుల్ వాలెట్ మన దేశంలో 2024 మే నెలలో వచ్చింది. అప్పుడు కూడా డబ్బులు కట్టడానికి గూగుల్ పేని వేరే యాప్‌గానే ఉంచారు, అందుకే చాలామందికి ఈ రెండింటి మధ్య తికమక. మీ షాపుకంటూ వేరే యాప్ అక్కర్లేదు. క్యూఆర్ స్కాన్ చేసి బటన్ నొక్కితే కార్డు వచ్చి కూర్చుంటుంది. ఒక్క సంగతి, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ వాలెట్ ముందే ఉండదు, ప్లే స్టోర్ నుంచి దింపుకోవాలి. కౌంటర్ దగ్గర రద్దీలో ఆ పని ఎవరూ చేయరు. సాయంత్రం ఖాళీ ఉన్నప్పుడు దగ్గరుండి పెట్టించండి.

పాస్_పనివాడు

అక్కా, నేను డాలస్ దగ్గర ఉంటాను. ఈ కార్డులు తయారు చేయడమే నా ఉద్యోగం. ఇక్కడ మా బావగారికి టిఫిన్ సెంటర్ ఉంది, దానికి కూడా నేనే చేసిపెట్టాను. మొదట చేతులు కాల్చుకున్నాం కాబట్టి వివరంగా రాస్తున్నా.

ముందు ఆ అబ్బాయి చెప్పిన మాట. రోజుకి ఎన్నైనా పంపొచ్చన్నది నిజం కాదు. గూగుల్ వాలెట్‌లో ఒక మనిషికి 24 గంటల్లో మూడు నోటిఫికేషన్లకి మించి పంపనివ్వరు. నిజానికి ఆ మూడు కూడా మీకు ఎక్కువే.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఏం పంపాలో మీకే తట్టుతుంది. ఆపిల్ వాలెట్‌లో మీరు సందేశం రాసి పంపడం అంటూ ఉండదు. కార్డు మీద గడులు ఉంటాయి: స్టాంపులు ఎన్ని, ఈరోజు కూర ఏంటి, ఇలాగ. మీ వైపు సర్వర్‌లో ఒక గడి మారిస్తే, ఆపిల్ ద్వారా ఫోన్‌కి ఒక ఖాళీ పిలుపు వెళుతుంది. అందులో ఒక్క అక్షరం కూడా ఉండదు. ఆ పిలుపు అందుకుని ఫోనే మీ సర్వర్‌కి వచ్చి కొత్త కార్డు తీసుకెళుతుంది. పాత కార్డుకీ కొత్త కార్డుకీ ఏ గడిలో తేడా ఉందో చూసి, ఆ గడికి మీరు ముందే రాసిపెట్టిన వాక్యం ఉంటే దాన్ని లాక్ స్క్రీన్ మీద చూపిస్తుంది. వాక్యం రాసిపెట్టకపోతే కార్డు చప్పుడు లేకుండా మారిపోతుంది. గూగుల్‌ది కొంచెం వేరు. అక్కడ కార్డుకి సందేశం జత చేస్తూ, ఇది మోగాలా, ఊరికే కార్డు మీద ఉంటే చాలా అన్నది మీరే చెప్పొచ్చు.

అంటే కార్డు మీద నిజంగా ఏదైనా మారినప్పుడే కబురు వెళ్లాలన్నది దీని తీరు. మేము దాన్ని పట్టించుకోలేదు. మొదటి నెల ప్రతి సాయంత్రం "దోసెల మీద పది శాతం తగ్గింపు" అని పంపాం. రెండో వారానికే కార్డులు తీసేయడం మొదలుపెట్టారు. మా బావ చాలా బాధపడ్డాడు, తీసేసిన వాళ్లలో వారానికి మూడుసార్లు వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. ఆ తగ్గింపులన్నీ ఆపేసి రెండే ఉంచాం. స్టాంపు పడినప్పుడు ఒకటి, శనివారం పొద్దున పెసరట్టు ఉప్మా ఉంటే ఒకటి. పెసరట్టు కబురు వెళ్లాక ఎవరూ కార్డు తీసేయలేదు. వాళ్లు ఎదురుచూసేది అదే కదా.

అందుకే మీ సంగతి చదవగానే నాకు సంతోషమేసింది. చాలా షాపులకి రోజూ చెప్పడానికి కొత్త కబురు ఉండదు, తగ్గింపులు పుట్టించుకుంటారు. మీకు ప్రతి పూటా నిజమైన కబురు ఉంది, జనం ఫోన్ చేసి మరీ అడుగుతున్నారు. "ఇవాళ్టి కూరలు" అనే గడి ఒకటి పెట్టించండి. పదకొండూ నలభై ప్రాంతంలో ఒకసారి మార్చండి. లాక్ స్క్రీన్ మీద రెండు మూడు పేర్లే కనపడతాయి కాబట్టి ఆ రోజుకి గొప్ప కూర ముందు రాయండి. గుత్తి వంకాయ ఉన్న రోజు టమాటా పప్పుతో మొదలుపెట్టకండి. తెలుగులోనే రాయండి, చక్కగా కనపడుతుంది.

చూశారా లేదా అన్నది మీకు తెలియదు, ఆపిల్ కానీ గూగుల్ కానీ ఆ లెక్క ఇవ్వవు. కార్డు తీసేస్తే మాత్రం సర్వర్‌కి కబురు వస్తుంది. నేనైతే రోజూ ఆ ఒక్క లెక్కే చూస్తాను. ఏదైనా పంపిన రోజు ఎక్కువమంది తీసేశారంటే అది మళ్లీ పంపకూడదని అర్థం.

డబ్బు సంగతి. ఆపిల్ డెవలపర్ అకౌంట్ ఏడాదికి 99 డాలర్లు. గూగుల్ ఈ సేవకి ఏమీ తీసుకోదు. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్ల కష్టానికి ఇచ్చేది, అందులో తప్పు లేదు. కానీ ఆ అబ్బాయిని ఒకటి గట్టిగా అడగండి: అకౌంట్ మా పేరు మీద ఉంటుందా, మీ పేరు మీదా? ఏ అకౌంట్ నుంచి కార్డు ఇచ్చారో దాని నుంచే దాన్ని మార్చగలరు. వాళ్ల పేరు మీద ఉండి రేపు మీరు మానేస్తే, నూటయాభై మంది ఫోన్లలో మీ షాపు పేరుతో ఉన్న కార్డులకి తాళం చెవి వాళ్ల దగ్గరే ఉంటుంది. ఏడాది డబ్బు ముందే కట్టొద్దు. మీ కస్టమర్లలో ఐఫోన్లు తక్కువైతే ముందు గూగుల్ ఒక్కటీ పెట్టి చూడండి.

షాపు దగ్గరికి రాగానే లాక్ స్క్రీన్ మీద కార్డు కనపడేలా ఆపిల్ కార్డులో పది చోట్ల దాకా ఇవ్వొచ్చు. మీకు షాపు ఒక్కటి చాలు. స్టాంపు కోసం వెతుక్కునే పని తప్పుతుంది.

కార్తీకమాసం

నేను కస్టమర్ వైపు నుంచి చెబుతానండీ. విమానం ఎక్కడానికి శంషాబాద్‌లో కూర్చుని ఉంటే గేటు మారిందని వాలెట్‌లో కబురొచ్చింది. ఆ ఒక్కదానికే నోటిఫికేషన్లు ఆన్‌లో ఉంచుకున్నాను. అదే ఫోన్లో ఒక హోటల్ కార్డు ఉండేది. మా ఇంట్లో కార్తీకమాసం అంతా ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టం. పొద్దున్నే దీపం పెట్టి లేచేసరికి నాటుకోడి పులుసు అని మోగింది. తప్పు వాళ్లది కాదు, వాళ్లకి తెలియదు. కానీ ఆ క్షణమే తీసేశాను.

కార్డు ఇచ్చేటప్పుడే శాకాహారమా, అన్నీ తింటారా అని ఒక్క మాట అడగండి. రెండు రకాల కార్డులు పెట్టండి. మాల వేసుకున్న పిల్లలు మీ దగ్గరికి చాలామంది వస్తూ ఉంటారు కదా, ఆ నలభై ఒక్క రోజులూ వాళ్లకి ఏం కబురు వెళుతుందో చూసుకోండి. ఇంకొకటి, దయచేసి ఫోన్ నంబర్ అడగొద్దు. ఎక్కడ నంబర్ ఇచ్చినా ఆ తర్వాత ఫోన్లే ఫోన్లు.

పాస్_పనివాడు

పైన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, నాకు తట్టలేదు. నంబర్ అక్కర్లేదండీ. ప్రతి కార్డుకీ దాని సొంత వరుస సంఖ్య ఉంటుంది, స్టాంపు వేయడానికీ కబురు పంపడానికీ అది చాలు. నంబరూ పేరూ తీసుకుంటే వాటిని కాపాడే బాధ్యత కూడా మీ మీద పడుతుంది, 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం ఉంది కాబట్టి. తీసుకోకపోవడమే హాయి.

తణుకు_వంటలు

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నెల తర్వాత రాస్తున్నా, ఏమైందో చెప్పాలి కదా.

ఆ అబ్బాయిని అకౌంట్ గురించి అడిగితే వాళ్ల పేరు మీదే ఉంటుందన్నాడు. వద్దని చెప్పేశాను. మా అక్క కొడుకు కంప్యూటర్ పని చేస్తాడు, వాడితో గూగుల్ ఒక్కటీ మా పేరు మీద చేయించాను. గూగుల్ అనుమతి వచ్చేదాకా కార్డు మీద "టెస్ట్ ఓన్లీ" అని ఇంగ్లీషులో పడేది, మేం ముందుగా చేర్చిన గూగుల్ అకౌంట్లకే వెళ్లేది. అన్నాళ్లూ మా ఇంట్లోవాళ్లే కస్టమర్లు. ఇప్పుడు అరవై రెండు మంది దగ్గర కార్డు ఉంది. ఆకుపచ్చ కార్డు శాకాహారులకి, ఎర్రది అన్నీ తినేవాళ్లకి. ఎవరినీ నంబర్ అడగలేదు.

పదకొండూ నలభైకి ఒక్కటే పంపుతున్నాం. మొదటి రోజు "గుత్తి వంకాయ, మజ్జిగ పులుసు, బీరకాయ పొట్టు పచ్చడి" అని రాశాను. పన్నెండున్నరకి గుత్తి వంకాయ గిన్నె ఖాళీ. ఫోన్లు సగానికి సగం తగ్గాయి, నేను పొయ్యి దగ్గర స్థిమితంగా నిలబడుతున్నాను. నెలలో నలుగురు తీసేశారు. అందులో ఇద్దరు హాస్టల్ ఖాళీ చేసి ఊరెళ్లిపోయిన పిల్లలు.

ఒక ఇబ్బంది మాత్రం వచ్చింది. ఆనపకాయ పాలు పోసిన కూర అని పంపిన రోజు పన్నెండుంపావుకే అయిపోయింది. ఆ తర్వాత ఏడెనిమిది మంది దానికోసమే వచ్చి వెనక్కి వెళ్లారు. ఒకావిడ ఎండలో ప్రగతినగర్ నుంచి నడిచి వచ్చింది. ఆ రోజంతా నాకు మనసు బాగోలేదు. అయిపోయిందని ఇంకో నోటిఫికేషన్ పంపాలా?

పాస్_పనివాడు

వద్దక్కా, దాన్ని మోగించొద్దు. తిననివాళ్లకి కూడా మధ్యాహ్నం రెండోసారి ఫోన్ మోగుతుంది. కార్డు మీద ఆ కూర పక్కన "అయిపోయింది" అని చప్పుడు లేకుండా మార్చండి. బయల్దేరే ముందు ఒకసారి కార్డు తెరిచి చూసుకోమని కౌంటర్ దగ్గర చెప్పండి. గిన్నె సగానికి వచ్చినప్పుడు "కొంచెమే ఉంది" అని కూడా మార్చొచ్చు, దానికి లెక్క పరిమితి అడ్డు రాదు, మోగేవాటికే ఆ మూడు.

తణుకు_వంటలు

కౌంటర్ మీద ఉండే మా చెల్లెలికి ఆ మీట ఎలా నొక్కాలో మావాడు ఈ సాయంత్రం నేర్పిస్తాడు. ప్రగతినగర్ ఆవిడకి రేపు ఆనపకాయ కూర ఒక ప్యాకెట్ పక్కన పెట్టి ఉంచుతున్నాను.