లూయీస్ బ్రూక్స్ తెరమరుగు కావడానికి బాధ్యులెవరు?

మూకీ అభిమాని:
1925లో తెరంగేట్రం చేసి, 1938లో జాన్ వేన్ నటించిన ఒక కౌబాయ్ చిత్రంతో తెరకు దూరమైన అమెరికన్ నటి లూయీస్ బ్రూక్స్ చేసిన చిత్రాలు పాతికకు మించవు. హాలీవుడ్ చిత్ర నిర్మాణ సంస్థ పారమౌంట్ కక్షగట్టి ఆమెకు అవకాశాలు లేకుండా చేసిందని కొందరంటారు; వచ్చిన అవకాశాలను ఆమే కాలదన్నుకుందని మరికొందరంటారు. నాకు రెండో వాదనే సబబుగా తోస్తున్నది. మీ అభిప్రాయాలు తెలుపగలరు.

వెండితెర పాఠకురాలు:
అభిమాని గారూ, మీ వాదన వేర్వేరు సందర్భాల్లో జరిగిన రెండు నిరాకరణలను ఒకే గాటన కడుతున్నది. మొదటిది 1928 నాటిది. టాకీల రాకతో పరిశ్రమంతా అలజడిలో ఉన్నప్పుడు, పెరగవలసిన జీతం పెంచేది లేదని, వారానికి 750 డాలర్లకు ఇష్టమైతే ఉండమని, లేకుంటే వెళ్లవచ్చని పారమౌంట్ అధికారి బి. పి. షుల్‌బర్గ్ చెప్పినట్లు ఆమె తర్వాతి కాలంలో రాసుకున్నది. ఆమె వెళ్లిపోయింది. బెర్లిన్‌లో దర్శకుడు పాప్‌స్ట్ తన ‘పండోరాస్ బాక్స్’లో కథానాయిక లూలూ పాత్రకు ఆమెనే కోరుకున్నాడు. ఆ రోజు ఆమె తలవంచి ఉండిపోయి ఉంటే మనం ఈనాడు ఆమె గురించి మాట్లాడుకునేవాళ్లమే కాదు.

రెండో నిరాకరణ ఆ తర్వాతిది. మూకీగా తీసిన ‘ది కెనరీ మర్డర్ కేస్’ను మాటల చిత్రంగా మార్చడానికి తిరిగి రమ్మంటే ఆమె రానన్నది. సంస్థ నటి మార్గరెట్ లివింగ్‌స్టన్ చేత ఆమె పాత్రకు గొంతు అరువిప్పించింది. ఆ చిత్రం చూస్తే పెదవులకూ మాటకూ పొంతన కుదరని చోట్లు తెలిసిపోతాయి. ఆమె గొంతు టాకీలకు పనికిరాదన్న ప్రచారమూ అప్పుడే పుట్టింది. అది నిజమే అయితే, అదే పారమౌంట్ 1931లో ‘ఇట్ పేస్ టు అడ్వర్టైజ్’ అనే మాటల చిత్రంలో ఆమెకు చిన్న పాత్ర ఎందుకిచ్చింది? అందులో ఆమె మాట స్పష్టంగానే వినిపిస్తుంది. మూడేళ్ల కిందటి కథానాయికకు అక్కడ దక్కింది చిన్న పాత్ర, లోపమున్నది మాత్రం గొంతులో కాదు.

మూకీ అభిమాని:
గొంతు విషయంలో మీరు చెప్పింది కాదనలేను. అయితే 1931లోనే దర్శకుడు విలియం వెల్‌మన్ ‘ది పబ్లిక్ ఎనిమీ’లో పాత్ర ఇస్తానంటే ఆమె వద్దన్నది, ఆ పాత్ర జీన్ హార్లోకు దక్కింది. ఆ నిర్ణయాన్ని ఏ స్టూడియో మీదికి నెట్టగలం? పైగా ‘పండోరాస్ బాక్స్’ విడుదలైనప్పుడు బెర్లిన్ విమర్శకులే ఆమెకు నటన రాదన్నారు.

వెండితెర పాఠకురాలు:
వెల్‌మన్ పిలుపును కాదన్నది ఆమే, ఆ భారం ఆమెదే. కానీ నటన రాదన్న మాటను ఒప్పుకోలేను. పెళ్లి రాత్రి దృశ్యాన్ని ఒకసారి నిదానంగా చూడండి. భర్త తుపాకీని లూలూ చేతిలో కుక్కి, తనను తాను కాల్చుకొమ్మని బలవంతపెడతాడు. పెనుగులాటలో గుండు పేలుతుంది, ఇద్దరి మధ్య నుంచి సన్నని పొగ లేస్తుంది. ఆ క్షణంలో నాటకరంగం నుంచి వచ్చిన నటి అయితే గుండెలు బాదుకునేది. ఈమె ముఖంలో ఏం జరిగిందో ఇంకా బోధపడని తనం మాత్రమే కనిపిస్తుంది. ఆనాటి విమర్శకులు నటన లేకపోవడమని ఎంచిన ఆ నిగ్రహమే తర్వాతి తరాలను కట్టిపడేసింది. 1955లో పారిస్‌లో అక్కడి చలనచిత్ర భాండాగార స్థాపకుడు ఆన్రీ లాంగ్లువా సినిమా చరిత్ర ప్రదర్శన ఏర్పాటు చేసి, ఆనాటి మహా తారలైన గార్బో లేదు, డీట్రిష్ లేదు, ఉన్నది లూయీస్ బ్రూక్స్ ఒక్కతేనని ప్రకటించాడు. ఆమె జుట్టు కత్తిరింపును అనుకరించినవారు లెక్కలేనంత మంది; నా దృష్టిలో అది ఆమె ప్రభావంలో అతి చిన్న భాగం.

పాత రీలు:
ఒక విషయం చేర్చదలచాను. 1940లలో ఆమె న్యూయార్క్‌లోని ఒక పెద్ద దుకాణంలో అమ్మకపు ఉద్యోగం చేసి పొట్టపోసుకుంది. ఆ తర్వాత రోచెస్టర్ నగరంలోని చలనచిత్ర భాండాగార నిర్వాహకుడు జేమ్స్ కార్డ్ ప్రోత్సాహంతో ఆ ఊరు చేరి, ఆ భాండాగారంలో పాత చిత్రాలు చూస్తూ వ్యాసాలు రాసింది. అవి 1982లో పుస్తకంగా వచ్చాయి. షుల్‌బర్గ్‌తో జరిగిన సంభాషణ మనకు తెలిసింది కూడా ఆమె రాతల వల్లనే. కనుక సంస్థ తరఫు ఒప్పంద పత్రాలను కూడా పక్కన పెట్టుకుని చూడకుండా, జీతం విషయంలో తప్పంతా పారమౌంట్‌దేనని తేల్చడం తొందరపాటు అవుతుంది. పాఠకురాలు గారు గొంతు విషయంలో చూపినటువంటి ఆధారమే జీతం విషయంలోనూ కావాలి.