దేవుడిచ్చిన పనితనానికి సంఘం కూలి ఇవ్వాలా?

ఉప్పుగాలి

అందరికీ వందనాలు. మాది సింగరాయకొండ దగ్గర ఒక పల్లె. మొన్న మా చర్చి కమిటీ మీటింగులో పెద్ద రచ్చ అయింది. ఇక్కడ అనుభవం ఉన్నవాళ్లు ఏమంటారో తెలుసుకుందామని రాస్తున్నా.

మా సంఘంలో ఎలక్ట్రీషియన్ పని చేసే తమ్ముడు ఒకడున్నాడు. రొయ్యల చెరువుల మీద నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల మోటార్లు, ఇళ్ల వైరింగు, అదే అతని బతుకుదెరువు. మందిరం కట్టిన దగ్గర్నుంచి వైరింగు, మైక్ సెట్టు, డిసెంబరు వస్తే సీరియల్ సెట్లు, నక్షత్రం అన్నీ అతని చేతి మీదే. ఇన్నేళ్లలో పైసా తీసుకోలేదు. ఈసారి సెమీక్రిస్మస్ నుంచి జనవరి ఒకటి దాకా లైటింగు ఘనంగా ఉండాలని కమిటీ తీర్మానించింది. తమ్ముడు లేచి, "మూడు రోజులు చెరువుల పని మానుకోవాల్సొస్తది, రోజు కూలి ఇప్పించండి చాలు" అన్నాడు. ఒక పెద్దాయన వెంటనే, "దేవుడిచ్చిన వరానికి దేవుడి దగ్గరే కూలి అడుగుతావా?" అన్నాడు. ఇంక తమ్ముడు మాట్లాడలేదు. ఆదివారం ఆరాధనకు వచ్చాడు గానీ వెనక కూర్చున్నాడు. మైకు గుయ్యిమని కూసినా లేవలేదు.

అసలు విషయం ఏందంటే, అదే మీటింగులో ఒంగోలు నుంచి వచ్చే కీబోర్డు ఆయనకి మూడు వేలు, పైన కారు ఖర్చులు ఒప్పుకున్నారు. దాని మీద ఒక్కరూ నోరెత్తలేదు.

పెద్దాయన చెప్పింది వాక్యానుసారమా, కాదా? ఎవరి పక్షానా కాకుండా చెప్పండి.

కనిగిరి_పెద్దకాపు

పక్షం లేకుండా చెప్పమంటే కుదరదు. నేను ఆ పెద్దాయన పక్షమే, కాకపోతే ఆయన అన్న తీరు బాగాలేదు.

మొదటి పేతురు నాలుగో అధ్యాయం పదో వచనం చూడండి. ఎవరికి ఏ కృపావరం దొరికితే దానితో ఒకరికొకరు ఉపచారం చేయమంటుంది. దానికి ముందు వచనంలోనే సణుక్కోకుండా ఆతిథ్యం ఇమ్మంటుంది. ప్రభువు శిష్యుల్ని పంపేటప్పుడు "ఉచితముగా పొందితిరి ఉచితముగా ఇయ్యుడి" అన్నాడు. ఇంకేం కావాలి?

వచనాలు పక్కన పెట్టినా ఒక సంగతుంది. మా పల్లెలో మందిరం కట్టినప్పుడు మా వాళ్ల చేతుల్లో డబ్బు లేదు. ఇంటికొక మనిషి చొప్పున రాయి మోశారు, గచ్చు దంచారు. డబ్బున్నవాడు చెక్కు రాస్తాడు. లేనివాడు ఏమిస్తాడు? తన ఒళ్లు వంచి ఇస్తాడు. బైబిల్లో బీద విధవరాలు తనకున్న రెండు కాసులూ కానుకపెట్టెలో వేసిందంటే అదే. ఇవాళ మీరు ఆ ఒంటికష్టానికి రేటు కడితే, బీదవాడు దేవుడికి ఇవ్వగలిగిన ఒక్క కానుకనీ అతని చేతిలోంచి లాక్కున్నట్టే. రేపు ఊడ్చేవాళ్లకి, ఎల్లుండి పాట పాడినవాళ్లకి కూడా ఇవ్వాలి. మిరపకోత కూలీల దశమభాగంతో, అంటే సంపాదనలో పదో వంతు కానుకతో, నడిచే సంఘం ఎట్టా తట్టుకుంటుంది?

వీధిలైటు

నేనూ అదే పనిలో ఉన్నా. లైటింగు అంటే తీగ తగిలించి రావడం అనుకుంటారు. మన తీరంలో నవంబరు, డిసెంబరుల్లో కూడా వానలు పడతాయి. పాత సీరియల్ సెట్లలో జాయింట్లన్నీ టేపు చుట్టినవే ఉంటాయి. రేకు మీద తడిస్తే రేకంతా షాకు. ఎర్తింగు చూసుకోవాలి, లోడు ఎంతో లెక్కేసి ఎమ్‌సీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే బ్రేకరు) వేయాలి, ఎమ్‌సీబీ ఒకటే సరిపోదు, లీకేజీ పట్టే బ్రేకరు కూడా ఉండాలి. పండగ వారమంతా రాత్రి పదకొండింటికి ఫోను వస్తే పరిగెత్తాలి. పిల్లలు ఆడుకునే చోట ఎవరికన్నా ఏదన్నా అయితే అడిగేది అతన్నే, కమిటీని కాదు. ఇంత భారం మోసేవాడు అడిగింది రోజు కూలి. లాభం అడగలేదు.

గుండ్లకమ్మ_గట్టు

పెద్దకాపు గారూ, మీ రెండు కాసుల మాట బరువైనదే. దానికి తర్వాత వస్తా. ముందు ఆ తమ్ముడి పని వరమా, మామూలు పనా అనేది చూద్దాం. నిర్గమకాండం 31లో దేవుడు బెసలేలు అనే పనివాణ్ణి పేరుపెట్టి పిలిచి తన ఆత్మతో నింపాడు. బోధించడానికి కాదు. బంగారం, వెండి, ఇత్తడి పనికి, రాళ్లు సానబెట్టడానికి, చెక్క చెక్కడానికి. కాబట్టి కరెంటు పనిని వరం అనడంలో పెద్దాయన తప్పేమీ లేదు. పాట, ప్రసంగం మాత్రమే వరాలు అనుకునే మన సంఘాల్లో ఆయన ఆ మాట అన్నందుకు సంతోషించాలి కూడా.

వరం అయినంత మాత్రాన కూలి ఉండకూడదా? రాజులు రెండవ గ్రంథం 12 చదవండి. యోవాషు రాజు కాలంలో దేవుడి మందిరం పాడైపోయింది. యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి మూతకు బెజ్జం వేసి బలిపీఠం పక్కన పెట్టాడు. జనం వేసిన ఆ కానుకల డబ్బు వడ్రంగులకి, శిల్పకారులకి, గోడలు కట్టే కాసె పనివారికి, రాతి పనివారికి ఇచ్చారు. ఆ డబ్బు చేతపట్టి పని జరిపించినవాళ్లు నమ్మకస్తులని లెక్క కూడా అడగలేదట. దేవుడి మందిరం, దేవుడి కానుకపెట్టె, అందులోంచే కూలి. ఎవరూ "దేవుడి దగ్గరే అడుగుతావా" అనలేదు.

నెహెమ్యా 13 ఇంకా ఘాటుగా ఉంటుంది. తమకు రావాల్సిన పాళ్లు అందక మందిరంలో సేవ చేసే లేవీయులూ గాయకులూ సేవ మానేసి ఎవరి పొలాలకి వాళ్లు వెళ్లిపోయారు. నెహెమ్యా వాళ్లని తిట్టలేదు, అధికారుల మీద పోట్లాడాడు. మీ తమ్ముడు వెనక కూర్చున్నాడన్న మాట చదవగానే నాకు ఆ అధ్యాయమే గుర్తొచ్చింది.

ఇక మన గడ్డ మీద జరిగింది. 1876 నుంచి 78 దాకా కరువు. ఒంగోలు మిషన్‌లో క్లఫ్ దొర. ఆయన మిషనరీ కాకముందు అమెరికాలో సర్వే పని చేసినవాడు. ఆ పనితనం సువార్తకి ఎందుకు పనికొస్తుందని ఎవరైనా అడిగి ఉండొచ్చు. కరువు పనుల కింద ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, ఆయన మూడున్నర మైళ్ల ముక్క కాంట్రాక్టు తీసుకున్నాడు. కొలతలు తనే చూసుకున్నాడు. తన బోధకుల్ని ఓవర్సీర్లుగా పెట్టాడు. వేలమంది మట్టి తవ్వారు, తట్టలు మోశారు. అందరికీ కూలి. ఆ కూలే వాళ్ల ప్రాణాలు నిలబెట్టింది. కూలి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఒక్క బాప్తిస్మం కూడా ఇవ్వలేదు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన తాతముత్తాతల్లో ఎంతోమంది ఆ లెక్కలోనివాళ్లే. వాళ్లకి పరిచర్య అందిందే కూలి రూపంలో. ఇవాళ అదే సంఘాలు కూలి అన్న మాట వింటే ముక్కు మూసుకుంటున్నాయి, నాకు అది మింగుడు పడదు.

కనిగిరి_పెద్దకాపు

క్లఫ్ దొర సంగతి మా ఇంట్లో పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. కానీ పోలిక కుదరలేదు. ఆ కూలి ఇచ్చింది ప్రభుత్వం సొమ్ము, సంఘం కానుక కాదు. ఆకలితో చచ్చేవాళ్లకి ఇచ్చింది. ఏరేటర్లు బాగుచేసి రోజుకి వెయ్యి సంపాదించేవాడికి కాదు. యోవాషు మాట అయితే ఒప్పుకుంటా, కానీ అది పాడైన గోడలు కట్టడం. ఇది మన సొంత పండగ. పౌలు అయితే డేరాలు కుట్టుకుని బతుకుతూ కొరింథీయులకి ఉచితంగానే బోధించాడు కదా.

సండేస్కూల్_టీచరమ్మ

అన్నలిద్దరూ బాగా మాట్లాడారు. నాదొక చిన్న సందేహం. ప్రేమ విందుకి మూడొందల మందికి వండేదెవరు? తెల్లవారుజామున నాలుగింటికి ఉల్లిపాయలు తరిగేదెవరు? పండగ ముందురోజు మందిరం కడిగేది, పూలు కట్టేది? మా ఆడవాళ్ల పనిమీద ఇంతవరకూ ఏ కమిటీలోనూ తీర్మానం కాలేదు, రచ్చా కాలేదు. మాకు కూలి ఇమ్మని అడగడం లేదు, కంగారు పడకండి. అపొస్తలుల కార్యాలు ఆరులో బల్లల దగ్గర వడ్డించే పని చూడటానికి ఆత్మతో నిండిన ఏడుగురు మగవాళ్లని ఏర్పరిచి, వాళ్ల పేర్లు వరసగా రాసిపెట్టారు. ఈ క్రిస్మస్‌కి మీ సంఘాల్లో గరిటె పట్టే ఏడుగురు పెద్దల పేర్లు ఇక్కడ రాస్తే చదువుకుంటాను.

ఇంకోటి. మా సంఘంలో ఒకమ్మాయి ఒంగోలు పెద్దాసుపత్రిలో నర్సు. నైట్ డ్యూటీ చేసి ఆదివారం ఆలస్యంగా వస్తే "సేవలో ఎక్కడా కనపడదు" అంటారు. రాత్రంతా ఆమె చేసింది ఏంటి మరి? జీతం తీసుకుంది కాబట్టి సేవ కాదా?

ఒంగోలు_తీగలు

ఆ మూడు వేల కీబోర్డు ఆయన నేను కాదు గానీ నాదీ అదే పని. మా సొంత సంఘంలో ఆదివారం వాయించినందుకు ఎప్పుడూ తీసుకోలేదు, అడగను కూడా. బయట సంఘాలు పిలిస్తే తీసుకుంటా. డిసెంబరు ఒక్కటే మాకు సీజను. కీబోర్డు ఇంకా వాయిదాల్లోనే ఉంది. కాబట్టి సొంత ఇంట్లో ఉచితం, బయట కూలి అనేది నా లెక్క. ఆ లెక్కన చూస్తే పెద్దాయన మాటే కరెక్టు అవుతుందేమో, తమ్ముడిది సొంత సంఘమే కదా.

గుండ్లకమ్మ_గట్టు

తీగలు బ్రదర్, నీ లెక్కలో చిన్న తేడా ఉంది. నువ్వు సొంత సంఘానికి ఇచ్చేది ఆదివారం రెండు గంటలు. ఆ టైములో నీకు వేరే సంపాదన లేదు. ఆ తమ్ముణ్ణి అడుగుతున్నది మూడు పనిరోజులు. ఇన్నేళ్లూ మైకు బాగుచేసింది, ఫ్యూజు వేసింది అతనూ ఊరికే చేశాడు, దానికి బిల్లు పెట్టలేదు. ఇంట్లో పొయ్యి వెలిగే రోజుల్ని అడిగినప్పుడే నోరు తెరిచాడు.

పెద్దకాపు గారూ, పౌలు మాట మీరే ఎత్తారు కాబట్టి మొదటి కొరింథీ తొమ్మిది మొత్తం చదవండి. సగం అధ్యాయం తనకి హక్కు ఉందని వాదిస్తాడు. సువార్త ప్రకటించేవాళ్లు సువార్త వల్లే బతకాలని ప్రభువే నియమించాడంటాడు. ఆ తర్వాతే ఆ హక్కు వాడుకోలేదంటాడు. వదులుకున్నది పౌలు. కొరింథు కమిటీ కూర్చుని "పౌలుకి ఇవ్వక్కర్లేదు" అని తీర్మానించలేదు. పైగా మకిదోనియ వాళ్లు పంపింది తీసుకున్నాడు కూడా.

మీ రెండు కాసులకీ జవాబు అక్కడే ఉంది. విధవరాలు తనంతట తను వేసింది. పెట్టె పక్కన నిలబడి "ఇంకో కాసు ఉందిగా, వెయ్" అన్నవాడు ఉంటే అది కానుక కాదు, వసూలు. యజమాని దాసులకి డబ్బు అప్పగించి వెళ్లిన తలాంతుల ఉపమానంలో కూడా లెక్క అడిగింది యజమాని. తోటి దాసులు ఒకరి మూట ఒకరు విప్పి చూడలేదు.

కనిగిరి_పెద్దకాపు

వసూలు అన్న మాట కొంచెం ఎక్కువైంది. సరే, ఉండనీయండి.

మోడరేటర్

ఏ మిషన్ వాళ్లు జీతాలు తింటున్నారు, ఏ మిషన్ వాళ్లు తినడం లేదు అంటూ వచ్చిన నాలుగు పోస్టులు తీసేశాం. పాస్టర్ల కార్ల మీద చర్చ కావాలంటే వేరే థ్రెడ్ మొదలుపెట్టుకోండి, దయచేసి ఇక్కడ వద్దు.

వీధిలైటు

తీసేసిన వాటిలో నాదొకటి ఉంది. పర్లేదు.

ఉప్పుగాలి

అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం చెరువు గట్టు మీదికి వెళ్లి తమ్ముడితో మాట్లాడా. యోవాషు సంగతి, నెహెమ్యా సంగతి చెప్పా. ఊరికే విన్నాడు. కూలి ఇప్పిస్తే చేస్తావా అంటే చేస్తానన్నాడు. పోనీ కమిటీ వద్దంటే మేం యూత్ కుర్రాళ్లం చందా వేసుకుని ఇస్తాం అన్నా. దానికి మాత్రం కోపం వచ్చింది. "నాకు చందాలెత్తుతారా? సంఘం పనికి సంఘం డబ్బు నా చేతికి ఇవ్వండి. అందులోంచి కానుకపెట్టెలో ఎంత వేస్తానో, అసలు వేస్తానో లేదో అది నాకూ దేవుడికీ మధ్య" అన్నాడు. పల్లెలో ముగ్గురు ముసలమ్మల ఇళ్లకి స్విచ్‌బోర్డులు ఊరికే పెట్టాడని అక్కడున్న ఇంకో కుర్రాడు చెప్తే, ఆ సంగతి కమిటీలో ఎత్తొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఇక్కడ రాస్తే ఒట్టు తప్పినట్టు కాదనుకుంటా.

బుధవారం మళ్లీ మీటింగు ఉంది. కూలి సంగతి అజెండాలో పెట్టమని సెక్రటరీ గారిని అడిగా. కొత్త వైరు, బ్రేకరు కూడా అందులో కలిపి రాయించా. టీచరమ్మ గారూ, గరిటె పట్టే మగవాళ్ల పేర్లు మాత్రం ఇంకా రెండే వచ్చాయి, అందులో ఒకటి నాది.

కనిగిరి_పెద్దకాపు

నా అభిప్రాయం మారలేదు. సంఘాన్ని కూలి అడగడం నాకు నచ్చదు. కానీ ఇవ్వాలని తీర్మానిస్తే సరిగ్గా ఇవ్వండి. లైటింగు కూలి అని పద్దు రాసి, వోచరు మీద సంతకం తీసుకుని, పని అయిన రోజే చేతిలో పెట్టండి. పండగ అయ్యాక చూద్దాం అని తిప్పుకోవద్దు. కానుక, ప్రేమ బహుమానం అని మాత్రం రాయొద్దు, ఆడిటు అప్పుడు అదో తలనొప్పి.