వార్షికోత్సవం కాఫీ స్టాల్: గ్రైండర్ బర్స్ సంగతి తేల్చాలి

కాఫీ స్టాల్ ఇన్‌చార్జ్:
అందరికీ నమస్కారం. పోయినసారి కాఫీ మీద వచ్చిన మాటలన్నీ నేనే పడ్డాను. చేదూ పులుపూ ఒకే కప్పులో! గింజలు మంచివే. నిన్న గ్రైండర్ తీసి ఆడించి చూస్తే పొడి సగం పిండిలా, సగం పలుకులుగా వస్తోంది. పిండి నుంచి చేదు దిగుతుంది, పలుకుల్లోంచి పూర్తిగా దిగదు, అదీ కథ. బర్స్, అంటే గింజల్ని నలిపే పళ్ళ చక్రాల జత, అరిగిపోయాయనుకుంటా. ఈసారి 300 కప్పులు. కొత్త గ్రైండర్ కొనేద్దామా?

రిపేర్ల వాలంటీర్:
ఆగు తమ్ముడూ, లెక్క చూద్దాం. కప్పుకి 150 మి.లీ. చొప్పున 300 కప్పులంటే 45 లీటర్లు. లీటరుకి 60 గ్రాముల పొడి అనుకుంటే 2.7 కిలోలు. ఏడాదికి నాలుగు కార్యక్రమాలు, ఆరేళ్ళు. అంతా కలిపి 65 కిలోలు. స్టీల్ బర్స్ వందల కిలోలు ఆడితే గానీ అరగవు. గింజల్లో రాయి పడి పళ్ళు విరిగాయేమో, లేదా పాత పొడి గడ్డకట్టి బర్ వంకరగా కూర్చుందేమో. రేపు విప్పి చూస్తా.

సామాన్ల బాధ్యురాలు:
గుప్పెడు బియ్యం వేసి ఆడిస్తే శుభ్రమైపోతుంది కదన్నా?

రిపేర్ల వాలంటీర్:
వద్దమ్మా. వేయించిన కాఫీ గింజ పెళుసు, చటుక్కున పగులుతుంది. పచ్చి బియ్యం అలా కాదు, మోటార్ మీద భారం పడుతుంది. నీళ్ళతో కడగడం కూడా వద్దు, స్టీల్ తుప్పు పడుతుంది. పొడి బ్రష్ చాలు.

రిపేర్ల వాలంటీర్ (మర్నాడు):
విప్పాను. రాయే. రెండు పళ్ళ అంచులు ఎగిరిపోయాయి, గోరు పెట్టి లాగితే తెలుస్తోంది. ఎవరు తెచ్చిన గింజల్లోదో అడగను. తిరగలి రాళ్ళలా మళ్ళీ గాట్లు కొట్టించుకునే వీలు లేదు, జత మార్చాల్సిందే. ఒక్కటే మారిస్తే లాభం లేదు. మనవి 64 మి.మీ. ఫ్లాట్ బర్స్, అంటే బల్లపరుపువి, మూడు స్క్రూలవి. సైజు ఒకటే అయితే చాలదు. స్క్రూ రంధ్రాల చోటు, మందం, మోటార్ తిరిగే దిక్కు కూడా కలవాలి. మోడల్ నంబర్ చెప్పి ఆర్డర్ పెట్టండి. శంకువులా ఉండే కోనికల్ బర్స్ దీనికి పట్టవు.

కోశాధికారి:
టైటానియం కోటింగ్‌వి ఎక్కువ కాలం వస్తాయంటున్నారు. సిరామిక్‌వీ ఉన్నాయట.

రిపేర్ల వాలంటీర్:
మన వాడకానికి మామూలు స్టీలే మన మనవళ్ళ దాకా వస్తుంది సార్, కోటింగ్‌కి డబ్బు దండగ. సిరామిక్ గట్టిదే గానీ పెళుసు. ఇంకో రాయి పడిందంటే ముక్కలే.

కాఫీ స్టాల్ ఇన్‌చార్జ్:
సరే, స్టీలే. కార్యక్రమం ముందు రోజు సాయంత్రం వచ్చి బిగిస్తావా అన్నా?

రిపేర్ల వాలంటీర్:
ముందు రోజా! నాకప్పుడే టెన్షన్ మొదలైంది. రెండు వారాల ముందే పెట్టుకుందాం. బిగించడం అరగంట పని, అసలు పని ఆ తర్వాత. ప్లగ్ పీకేసి, బర్ కూర్చునే చోట పొడి అణువంత కూడా లేకుండా తుడవాలి. కింద పలుకు ఒక్కటున్నా బర్ ఓ పక్కకి లేస్తుంది, మళ్ళీ అదే పొడి. స్క్రూలు ఒక్కోటీ పూర్తిగా బిగించకుండా, మూడింటినీ కొంచెం కొంచెంగా వంతులవారీగా బిగించాలి. తర్వాత గింజలు వేయకుండా ఆన్ చేసి, నాబ్‌ని మెల్లగా మెత్తన వైపు తిప్పుతూ పోతే ఒకచోట కిచకిచమంటుంది. బర్స్ ఒకదానికొకటి తగులుతున్నాయన్నమాట. అదే మన సున్నా. వెంటనే వెనక్కి వచ్చేయాలి. పాత సెట్టింగ్ నంబర్లు ఇక పనికిరావు, ఆ స్టిక్కర్ పీకేయండి. కొత్త పళ్ళ పదును మొదట్లో ఒక తీరుగా ఉండదు, అందుకే పాతబడ్డ గింజలు రెండు మూడు కిలోలు ఆడిద్దాం. ఆ పొడి ఎవరూ తాగొద్దు.

సామాన్ల బాధ్యురాలు:
స్టోర్‌లో గడువు దాటిన గింజల ప్యాకెట్లు మూడున్నాయి, కిలోవి. పారేద్దామనుకున్నా, ఉంచుతాను. గది తాళం నా దగ్గరే ఉంది, శనివారం పదింటికి వస్తాను.

కాఫీ స్టాల్ ఇన్‌చార్జ్:
నేనూ వస్తాను. ఈసారి గింజలు పళ్ళెంలో పోసి ఏరే పని కూడా నాదే.