ఆ పెన్సిల్ గీత పేరు కిందనా, పేరు మీదనా? (సక్సెషన్ ఇంగ్లీషు సీరియల్ చూసినోళ్లకు)

మిల్లోళ్ల బిడ్డ, మిర్యాలగూడ:
కథ బయటపడ్తది, చూడనోళ్లు ఈడనే ఆగుండ్రి. నాలుగో సీజన్ల కంపెనీ పెద్దాయన లోగన్ రాయ్ విమానంల సచ్చిపోయినంక ఆయన ఇనపపెట్టెల ఒక కాయితం దొరుకుతది గదా, తన తర్వాత కుర్చీ కొడుకు కెండల్‌కని. ఆ పేరుకు పెన్సిల్ గీత. కింద గీసిండా, కొట్టేసిండా? నేను నాలుగుసార్లు ఆపి చూసిన.

ఎందుకంటే మా నాయినదీ అసొంటి కథే. రైస్ మిల్లు. ఆయన పోయినంక గల్లపెట్టెల ఎర్రట్ట ఖాతాబుక్కు దొరికింది. ఆఖరు పేజీల ఇద్దరన్నల పేర్లు, నా పేరు. నా పేరు చుట్టు సున్న. "బాకీ తీరినోళ్లకు నాయిన సున్న చుట్టేది" అన్నడు పెద్దన్న. కట్నంతోటి నా బాకీ తీరిందని అన్న లెక్క. అబద్ధం. బాకీ తీరితే నాయిన అడ్డగీత కొట్టేది. ఇంటర్ సెలవులల్ల గల్ల కాడ కూసున్నది నేను, అన్న కాదు.

పాలమూరు పిలగాడు:
అక్కా, దాని మీద తారీఖు గూడ లేదు. సుట్టం పిలగాడు గ్రెగ్ పేరు పక్కన ప్రశ్న గుర్తొకటి! గీత ఇడిసిపెట్టు. కుర్చీ ఎవరికొచ్చింది? అల్లుడు టామ్‌కు. అది గూడ బిడ్డ షివ్ ఓటుతోటి. మా దిక్కు బిడ్డను యాది జేసేదే సంతకం కావాల్సినప్పుడు.

దస్తావేజులు రాసేటాయన, నల్లగొండ:
సీరియల్ నేను చూడలేదమ్మా. సున్న సంగతి జెప్త. వీలునామా అంటే రాసినాయన సంతకం, ఇద్దరు సాక్షులు ఉండాలె. మీ బుక్కు వీలునామా కాదు. వీలునామా లేకపోతే నాయిన సొంత సంపాదనల కొడుకులతోటి సమానంగ బిడ్డకు భాగం 1956 హిందూ వారసత్వ చట్టం నుంచే ఉన్నది, అమ్మ ఉంటే అమ్మకూ ఒకటి. తాతల ఆస్తిల గూడ బిడ్డకు సమాన భాగం ఇచ్చింది 2005 సవరణ. ఆ రోజుకు నాయిన బతికి ఉండాల్సిన పని లేదని 2020ల సుప్రీంకోర్టు చెప్పింది. కట్నం ఇచ్చినమని భాగం పోదు. మిల్లు పార్ట్‌నర్‌షిప్ అయితే మటుకు ముందుగాల ఆ డీడ్, అంటే ఒప్పంద కాయితం, జూడాలె, లెక్క మారుతది.

మిల్లోళ్ల బిడ్డ, మిర్యాలగూడ:
పార్ట్‌నర్‌షిప్పే అంకుల్, నాయిన, చిన్నాయిన. డీడ్ పెద్దన్న కాడ ఉన్నది. నిన్న ఫోన్ జేసిండు. నాలుగేండ్ల సంది పిలవనోడు దసరాకు పిల్లలను తీసుకొని రమ్మన్నడు. పెట్టేసేముందు మెల్లగ అన్నడు, ఆధార్ కార్డు మర్చిపోకు చెల్లె అని.